పంపరపనస పరిమళము

వేలూరు చుట్టునున్నవి రాతికొండలు. పగలెల్ల కాగిన ఆ రాయి రాత్రి తెల్లవార్లు వేడిని విడువదు. పాలారులో ఇసుక తప్ప నీరు కానరాదు. సత్తువాచారిలో కాపురమున్న మన తెలుగు కుటుంబముల వారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఉగాది పచ్చడి తిన్ననాటినుండి కత్తిరి వెళ్ళువరకు చెమటయు దుమ్మును మనకు నిత్యబంధువులు. అందుచేత ఈ యేటి ఉగాది సంచికకు వేసవికి చల్లనగు విషయమొకటి ఎన్నుకొని, సువాసనను గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

ఇప్పుడు పెద్ద దుకాణములలో "వేసవి సెంటు" అని ఒక రకము అమ్ముచున్నారు. దానికి గ్రేప్‌ఫ్రూట్ అను పండు వాసన. పేరులో ద్రాక్ష ఉన్నను అది ద్రాక్ష కాదు, నిమ్మ, నారింజల కులములోనిది. కొంచెము పులుపు, కొంచెము తీపి, వెనుకనుండి ఒక చేదు. ఆ సీసాను స్త్రీలును పురుషులును ఒకే విధముగ వాడవచ్చునని అట్టపెట్టెపై అచ్చువేసి యుందురు. కాలేజీలో చదువు మన పిల్లలకు ఇది మిక్కిలి ఇష్టము. పెద్దలకు మాత్రము దీనిపై మూడు ఫిర్యాదులు ఉన్నవి. ఇది పరదేశపు వాసన అనునది మొదటిది. అన్నయు చెల్లెలును ఒకే సీసా పూసికొనుట ఎక్కడి మర్యాద అనునది రెండవది. సీసా వెల వినినచో నెల సరకుల చీటి జ్ఞప్తికి వచ్చుచున్నదనునది మూడవది. మూడవ ఫిర్యాదు న్యాయమైనదే. గుమాస్తా ఉద్యోగమున ఉన్న మేము దానిని కాదనజాలము. కాని మొదటి రెండును చరిత్ర యెదుట నిలువవని మా మనవి. ఆ పండు పేరు, ఆ వాసన, దానిని ఆడ మగ భేదము లేక వాడు ఆచారము, ఈ మూడును మన వాకిలి మీదుగా నడచిపోయినవే.

మొదట ఆచారమును చూతము. మన పెండ్లి పందిటిలో వచ్చిన వారికెల్ల గంధము పూసి పన్నీరు చల్లుట కలదు. పన్నీరు బుడ్డి పట్టుకొని గుమ్మమున నిలిచిన పిల్ల, "ఇది మగవారి పన్నీరు, ఇది ఆడవారి పన్నీరు" అని వేరుచేయునా? మామగారికిని అత్తగారికిని ఒకే బుడ్డి. ఇది నిన్న మొన్నటి వాడుక కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరినది. ఓడలు పగిలినప్పుడు వర్తకుల సొమ్ము దోచుకొనరాదని అభయమిచ్చి, ఏ సరకునకు ఎంత సుంకమో ఆ శాసనము నిర్ణయించినది. ఆ పట్టికలో మంచిగంధము, కర్పూరము, పన్నీరు, జవ్వాది చేరియున్నవి. అనగా ఏడువందల యెనుబది యేండ్ల క్రిందటనే మన తెలుగు రేవులో సుగంధములు సుంకము కట్టవలసినంత వ్యాపారముగ సాగెను.

ఆ తరువాత పదునాల్గవ శతాబ్ది చివర కొండవీటిని కుమారగిరి రెడ్డి పాలించెను. ఆయన ఏటేట వసంతోత్సవము చేయించి, కర్పూరము, కస్తూరి, గంధము, పన్నీరు జనులకు వెదజల్లించుటచే కర్పూర వసంతరాయలని బిరుదు పొందెను. ఆ పరిమళద్రవ్యములను దేశదేశములనుండి ఓడలమీద తెప్పించి యిచ్చినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథ మహాకవి హరవిలాసమును అంకితమిచ్చినది ఈ సెట్టిగారికే. వసంతకాలమున, అనగా మన ఉగాది నాళ్ళలో, ఊరివారందరు ఒకే పరిమళములో తడియుట మన తెలుగు రాజుల నాటి పండుగ అని దీనివలన తెలియుచున్నది.

ఇక పండు సంగతి. గ్రేప్‌ఫ్రూట్ మన పెరటిలో లేదు గాని దాని తల్లి ఉన్నది. అదియే పంపరపనస. కోనసీమ పెరళ్ళలో పెద్ద తలకాయంత పండ్లు వ్రేలాడు చెట్టును మన ముసలివారు ఎరుగుదురు. తొక్క అంగుళము మందము. లోపల తొనలు తెల్లగానో గులాబి రంగుగానో ఉండును. పేరులో పనస ఉన్నను పనసతో దీనికి ఏ చుట్టరికమును లేదు. మరి ఆ పేరెక్కడిది? ఇక్కడి తమిళ సోదరులు దీనినే పంబళిమాసు అందురు. పంపరపనస, పంబళిమాసు అను రెండును డచ్చివారి పొంపెల్‌మూస్ అను మాటకు దేశీయరూపములని భాషావేత్తల అభిప్రాయము. చెవికి విన్న పరదేశపు మాటను మనవారు తమకు తెలిసిన పనసగా మార్చుకొనిరి. ఈ చెట్టు పుట్టినిల్లు ఆగ్నేయాసియా. వంగదేశమున దీనికి బతాబి నిమ్మ యని పేరు. బతాబి యనగా జావాలోని బటేవియా, డచ్చివారు 1619లో తమ రాజధానిగ చేసికొన్న పట్టణము, నేటి జకార్తా.

డచ్చివారికిని వేలూరునకును ఏమి సంబంధమని చదువరులు అడుగవచ్చును. చెప్పుచున్నాము. పదునేడవ శతాబ్ది మొదటి దశాబ్దముననే వారు మన బందరులో దిగిరి. 1610లో పులికాటులో కోటకు, వర్తకమునకు అనుమతి పొందిరి. ఆ అనుమతి యిచ్చినవాడు విజయనగర సామ్రాజ్యపు ఆరవీటి వంశజుడగు వెంకటపతిరాయలు. చంద్రగిరియు వేలూరును ఆయన రాజధానులు. మనము ఆదివారము సాయంకాలము పిల్లలతో షికారు పోవు ఈ కోటయే ఆయన కొలువు కూటము. పులికాటు, బందరుల నుండి మన నేతగాండ్ర బట్టలు బటేవియాకు పోయెను. అక్కడినుండి లవంగములు, జాజికాయలు ఇటు వచ్చెను. ఆ ఓడల రాకపోకలలోనే పొంపెల్‌మూస్ అను మాటయు మన తీరమున దిగి పంపరపనస యైనది.

తూర్పున ఇట్లుండగా, పడమట ఆ పండు మరింత దూరము పోయినది. పదునేడవ శతాబ్దిలో పంపరపనస విత్తనములు వెస్టిండీసు దీవులకు చేరినవి. షాడక్ అను ఓడ కెప్టెను తెచ్చినాడని అక్కడివారి కథ. అందుచే ఇంగ్లీషువారు ఈ పండును షాడక్ అనిరి. బార్బడోసు దీవిలో ఈ చెట్టును తీపి నారింజయు ప్రక్కప్రక్కన పెరిగి, పుప్పొడి కలిసి, ఎవరును తలపెట్టని క్రొత్తపండు పుట్టినది. 1750లో గ్రిఫిత్ హ్యూస్ అను పాదరీ బార్బడోసును గూర్చి వ్రాసిన గ్రంథమున దానిని "నిషిద్ధఫలము" అని పేర్కొనెను. గుత్తులుగ కాయుటచే గ్రేప్‌ఫ్రూట్ అను పేరు తరువాత నిలిచినది. పందొమ్మిదవ శతాబ్దిలో ఒడె ఫిలిప్ అను ఫ్రెంచివాడు అమెరికాలోని ఫ్లారిడాకు ఆ మొక్కను చేర్చెనందురు. తల్లి పంపరపనస, తండ్రి నారింజ. పుట్టినిల్లు విడిచి పోయినవారి బిడ్డ పరాయిగడ్డమీద పుట్టి క్రొత్తపేరు పెట్టుకొన్నట్లు గ్రేప్‌ఫ్రూట్ వెలసినది. వలస వచ్చి స్థిరపడిన మనకు ఈ సంగతి తెలియనిది కాదు గదా!

ఫ్రెంచివారు గ్రేప్‌ఫ్రూట్‌ను పామ్‌ప్లెమూస్ అందురు. నోటితో రెండుసార్లు పలికిచూడుడు. పామ్‌ప్లెమూస్, పంపరపనస. ఒకే తల్లి మాటకు ఇవి రెండు బిడ్డలు. పారిసులోని గెర్లాన్ కంపెనీ 1999లో పాంప్లెలూన్ అను సెంటును, ఎర్మేస్ కంపెనీ 2009లో ఓ ద పామ్‌ప్లెమూస్ రోజ్ అను సెంటును విడుదల చేసినవి. ఆ సీసాలమీద ఉన్న ఫ్రెంచి మాట కోనసీమ అవ్వ నోటి మాటకు అప్పచెల్లెలు. మారిషస్ దీవిలో పామ్‌ప్లెమూస్ అను పేరుగల ఊరే ఉన్నది. ఆ చెట్ల వలననే ఆ పేరు వచ్చినదందురు. అచ్చటి తోట లోకప్రసిద్ధము. 1834నుండి చెరకు తోటలలో పనిచేయుటకు ఒప్పందపు కూలీలుగ వేలకొలది భారతీయులు ఆ దీవికి పోయిరి. వారిలో కాకినాడ సమీపమందలి కోరంగి రేవునుండి ఓడయెక్కిన తెలుగువారును ఉండిరి. వారి సంతతివారు నేటికిని ఉగాది చేయుచున్నారు. ఆ దేశమున ఉగాది ప్రభుత్వ సెలవుదినము. మనకంటె దూరము పోయినవారు మనకంటె గట్టిగ పండుగను పట్టుకొన్నారనుట సంతోషకరము, కొంచెము ఆలోచింపదగినదియు.

ఇప్పుడు సీసా కథకు వత్తము. నిమ్మజాతి వాసనను సారాయిలో కరగించి చల్లని నీరువలె పూసికొను పద్ధతికి పేరు తెచ్చినవాడు యోహాన్ మరియా ఫరీనా. ఇటలీలో పుట్టి జర్మనీలోని కొలోన్ నగరమునకు వలసపోయినవాడు. ఆ ఊరి కంపెనీ 1709లో వెలసినది. బెర్గమాట్, నిమ్మ, నారింజ నూనెలతో తాను చేసిన ద్రవమునకు తనను ఆదరించిన ఊరి పేరే పెట్టి "కొలోన్ నీరు" అనెను. ఫ్రెంచిలో అదియే ఓ ద కొలోన్. మన ఇండ్లలో యూడీకొలోన్ అని వాడుక. జ్వరము వచ్చినవారి నుదుట తడిగుడ్డపై దీనిని చిలుకరించుట మన తల్లులు ఎరిగిన చికిత్స. వేలూరు పెద్దాసుపత్రికి, అనగా 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ప్రారంభించిన వైద్యశాలకు, చిత్తూరు, నెల్లూరు, కడప జిల్లాలనుండి రోగులను తీసికొనివచ్చు మనవారికి ఆ వాసన క్రొత్తది కాదు. అదే కొలోన్‌లో ముల్హెన్స్ అను మరియొక వర్తకుని ఇల్లు ఉండెను. పదునెనిమిదవ శతాబ్ది చివర ఊరి ఇండ్లకు వరుస అంకెలు వేయగా ఆ ఇంటికి పడిన అంకె 4711. అదియే ఆ కంపెనీ సరకునకు పేరైనది. మనము వాగనుకు నంబరు వేసినట్లు ఇంటికి వేసిన అంకె నేటివరకు సీసాలపై నిలిచినది!

గమనింపదగినదేమనగా, ఈ కొలోన్ నీటికి ఆడ మగ భేదము లేదు. నెపోలియను చక్రవర్తి దీనిని విరివిగ వాడెడివాడు. యూరపు దొరసానులును దీనినే వాడిరి. ఇది మగవాసన, ఇది ఆడవాసన అను గట్టి విభజన ప్రధానముగ పందొమ్మిది, ఇరువది శతాబ్దుల వ్యాపారము తెచ్చిన విద్య. ఒక ఇంటికి ఒక సీసా అమ్ముటకంటె రెండు అమ్ముట లాభము గదా! 1934లో కారొన్ కంపెనీ "పురుషునికి" అని పేరుపెట్టియే ఒక సెంటు అమ్మినది. తరువాత అరువది యేండ్లకు, 1994లో, కాల్విన్ క్లైన్ కంపెనీ సి.కె. వన్ అను నిమ్మజాతి సెంటును ఇరువురికిని ఒకే సీసాగ విడుదల చేయగా లోకము క్రొత్త వింతయని మెచ్చుకొన్నది. కొండవీటివారు చూచిన "వింత" ఆరువందల యేండ్ల క్రిందటిది. కాబట్టి కొడుకు చేతిలో ఆ సీసా చూచి "ఇదేమి ఆడవారి సెంటు" అని గద్దించు తండ్రులు మన ఆచారమును కాపాడుచున్నామనుకొందురు గాని, నిజమునకు నిన్నటి పారిసు వర్తకుల ఆచారమును కాపాడుచున్నారు.

వేసవికి ఈ వాసనయే ఎందుకు హాయి? నిమ్మజాతి తొక్కనూనెలో హెచ్చుపాలు లిమొనీన్ అను తేలిక పదార్థము. గ్రేప్‌ఫ్రూట్ తొక్కనూనెలో నూటికి తొంబది పాళ్ళకు పైగా అదియే. అది వేడికి చప్పున ఆవిరియగును. అందుచే పూసినవెంటనే గుప్పుమని లేచి, కొద్దిసేపటికే తీరిపోవును. కస్తూరివంటి బరువు వాసనలు చెమటతో కలిసి ఎండవేళ తలనొప్పి కలిగించునట్లు ఇది చేయదు. పిల్లలకు చూపదలచినచో, పెద్దలు దగ్గరనుండి, దీపపు మంటకు కొంచెము దూరమున నారింజ తొక్కను మడచి నొక్కుడు. నూనె తుంపరలు చిటపటమని మెరయును. సీసాలోని సారము అదియే.

అయితే నారింజకును గ్రేప్‌ఫ్రూట్‌కును లిమొనీన్ సమానముగ ఉండగా వాసనలో తేడా ఎక్కడిది? అత్యల్పముగ ఉన్న మరి రెండు పదార్థములవలన. ఒకటి గంధకము గల పదార్థము. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు 1982లో దానిని కనుగొనిరి. లక్షకోట్ల పాళ్ళ నీటిలో ఒక్క పాలుకన్న తక్కువగా ఉన్నను మన ముక్కు దానిని పట్టును. రెండవది నూట్కటోన్. కెనడా పశ్చిమతీరమందలి నూట్కా అను చోటి పేరుగల ఒక సైప్రసు చెట్టు కలపనుండి 1962 ప్రాంతమున దానిని వేరుచేసిరి. రెండేండ్లలో గ్రేప్‌ఫ్రూట్‌లోను ఉన్నదని తేలినది. ఇప్పుడు నారింజనూనెలోని పదార్థమునుండి కూడ దీనిని తయారుచేయుచున్నారు. కావున సీసాలోని గ్రేప్‌ఫ్రూట్ వాసన అంతయు పండునుండియే వచ్చునని అనుకొనరాదు.

చదువరులకు ముఖ్యముగ చెప్పవలెనని మేము దాచియుంచిన సంగతి ఇది. మన వట్టివేళ్ళ నూనెలో ఆల్ఫా వెటివోన్ అను పదార్థము కలదు. దానికి ఐసోనూట్కటోన్ అని మరియొక పేరు. నూట్కటోన్‌కును దీనికిని ఉన్న భేదము అణువులో ఒక జంటబంధము ప్రక్కకు జరిగినంత మాత్రమే. అనగా గ్రేప్‌ఫ్రూట్ సెంటులోని ఆ చేదుచల్లదనమునకు మన వట్టివేరు దాయాది. వెటివేర్ అను ఫ్రెంచి, ఇంగ్లీషు మాటయు దక్షిణదేశపు వెట్టివేరు నుండి పోయినదే. వట్టివేళ్ళ తడికలు కిటికీలకు కట్టి నీరు చల్లుట, కుండలో రెండు వేళ్ళు వేసి మంచినీరు త్రాగుట మన పెద్దల వేసవి ఏర్పాట్లు. రైల్వేవారిమి గనుక ఇదియు చెప్పవలెను. 1870ల దశకముననే కొన్ని మొదటి తరగతి రైలుపెట్టెలను వట్టివేళ్ళ తడికలతో చల్లబరచిరి.

ఇక ఈ ప్రాంతపు సంగతి. గుడియాత్తములో వైకాసి నెల మొదటినాడు, అనగా మే నెల నడిమి ఎండలో, గంగమ్మ సిరసు పండుగ జరుగును. అమ్మవారి సిరసు ఊరేగునప్పుడు జనసమూహమున వేపాకు, నిమ్మకాయ, కర్పూరము కలిసిన వాసన లేచును. అక్కడ ఆడ మగ, తెలుగు తమిళము అను భేదమెక్కడ? ఆ గుంపులో నిలిచినవారందరిదియు ఒకే పరిమళము. గూడూరు అనగా రైల్వేవారికి జంక్షను, వర్తకులకు నిమ్మకాయ. అక్కడినుండి రేణిగుంట, తిరుపతి మీదుగ కాట్పాడికి వచ్చు మార్గము మనకు తెలిసినదే. మనకును నిమ్మవాసనకును నడుమ ఉన్నది ఒక రాత్రి ప్రయాణము కూడ కాదు.

ఇంటి ఇల్లాండ్రకు ఒక హెచ్చరిక. నిమ్మరసముగాని బెర్గమాట్ నూనె గల కొలోన్ గాని చర్మమున పూసికొని ఎండలోనికి పోరాదు. వానిలోని కొన్ని పదార్థములు ఎండ తగిలినప్పుడు చర్మమును కాల్చి నల్లమచ్చలు వేయును. బట్ట అంచునకో రుమాలుకో అద్దుకొనుట మేలు. అట్లే రక్తపుపోటునకు మందులు వాడువారు గ్రేప్‌ఫ్రూట్‌ను, పంపరపనసను తినుటకు ముందు డాక్టరును అడుగవలెను. కొన్ని మందుల బలమును ఆ పండ్లు మితిమీర పెంచునని 1989నుండి వైద్యులు గుర్తించినారు. వాసన చూచుటకు మాత్రము ఏ భయమును లేదు. సెంటు కొనజాలనివారు వట్టివేళ్ళ కట్టయొకటి కొని, స్నానపు నీటిలో నానవేసి, అందు ఒక నిమ్మ తొక్క వేసి చూతురు గాక. బీరువాలో బట్టల నడుమ నాలుగు వేళ్ళు ఉంచినచో వేసవియెల్ల నిలుచును.

మన పిల్లలు బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుచున్నారు. అది వారి బ్రతుకుతెరువునకు వలసినదే, మేము కాదనము. కాని పామ్‌ప్లెమూస్ అను మాటను తడుముకొనక పలుకు పిల్లకు పంపరపనస యనిన తెలియకపోవుట విచారకరము. పండు పోయినను మరల నాటుకొనవచ్చును. ఇంటి మాట పోయినచో నాటుకొనుటకు విత్తనము దొరకదు. కనుక తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లవాడు ఆ సీసా తెచ్చినప్పుడు కోపపడకుడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మోటుపల్లి రేవు, కొండవీటి వసంతోత్సవము, వేలూరు రాయలు, బటేవియా ఓడ, కోరంగి కూలీలు, వీరందరి కథ చెప్పుడు. వీలైనచో పంపరపనస పండొకటి తెచ్చి, ఇంటిల్లిపాది ఎదుట ఒలిచి, తొక్క వాసన చూపుడు. పిల్లలు సీసాను పారవేయనక్కరలేదు. దానిమీది పేరు తమ యింటిదని తెలిసికొన్న చాలును.

ఉగాది పచ్చడిలో చేదు, పులుపు, తీపి కలిసియున్నట్లే ఆ పండులోను ఆ మూడును కలిసియున్నవి. క్రొత్త సంవత్సరము మన కుటుంబములకు ఆ మూడింటిని తగుపాళ్ళలో, తీపిని ఒక పాలు హెచ్చుగ, ప్రసాదించుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.